బొంగరం సైకిలెక్కిన నెల

ఆమెకు బొంగరం అని పేరు పెట్టింది కన్నతల్లే. చిన్నప్పుడు ఒక్క ముద్ద తినిపించాలంటే ఇల్లంతా ఆమె వెనకాల తిరగాల్సి వచ్చేదట. "ఇది పిల్ల కాదు తల్లీ, బొంగరం. తిరుగుతున్నంతసేపే నిలబడుతుంది" అని ఆవిడ విసుక్కున్న మాట చుట్టుపక్కల నాలుగిళ్ళకూ వినబడి, అదే పేరుగా స్థిరపడింది. యాభై రెండేళ్ళు వచ్చినా ఆ పేరు వదల్లేదు. నీటి సరఫరా ఆఫీసులో మీటర్ రీడర్ ఉద్యోగం వచ్చాక మరింత అతుక్కుంది. నెలకు పన్నెండు వందల ఇళ్ళు తిరగాలి. ప్రతి ఇంటి ముందూ గుంటలో ఉండే నీటి మీటరు ఇనప మూత కొక్కెంతో ఎత్తి, గొంతుకు కూర్చుని, మసిబట్టిన అద్దం తుడిచి, లోపలి అంకె చూసి పుస్తకంలో రాసుకోవాలి. ఇరవై మూడేళ్ళుగా ఆమె పని ఇదే. ఇంకొకరైతే ఎప్పుడో విసిగిపోయేవారు. ఈమెకు ఆదివారాలంటేనే విసుగు.

మొగుడు గడియారాలు బాగుచేస్తాడు. ఇంటి ముందుగదే ఆయన దుకాణం. కంటికి భూతద్దం తగిలించుకుని పొద్దున కూర్చున్నాడంటే మధ్యాహ్నం భోజనానికి ఎవరో ఒకరు వచ్చి భుజం తట్టాలి, లేకపోతే ఆకలి సంగతి ఆయనకు గుర్తుండదు. ఒకరు కుదురుగా కూర్చోలేనివారు, ఇంకొకరు కూర్చున్న చోటు నుంచి లేవనివారు. ఈ ఇద్దరికీ ముడిపెట్టిన పెద్దలకు కాస్త వేళాకోళం ఎక్కువే అయి ఉండాలి. పాతికేళ్ళ కాపురంలో ఈ విషయం మీద తప్ప వాళ్ళు పెద్దగా పోట్లాడుకుందీ లేదు.

పోయిన ఏడాది చివర్లో కుడి మోకాలు మొరాయించింది. మొదట మెట్లు దిగేటప్పుడు కలుక్కుమనేది, తరవాత ఎక్కేటప్పుడు కూడా. ఒకరోజు ఒక ఇంటి ముందు మీటరు చూసి లేవబోతే లేవలేకపోయింది. ఆ ఇంటివాళ్ళ కుక్క వచ్చి ఆమె పక్కనే కూర్చుని ముఖంలోకి చూసిందే గాని మొరగలేదు. కుక్క కూడా జాలిపడిందంటే ఇక దాచిపెట్టి లాభం లేదని ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించింది. "రెండు ఎముకల మధ్య గుజ్జు ఉండాలమ్మా. మీకు కుడివైపు దాదాపు అరిగిపోయింది. ఎడమది కూడా అదే దారిలో ఉంది."

"కూర్చుంటే తగ్గుతుందా?" అని పక్కనున్న మొగుడు ఆశగా అడిగాడు.

"కూర్చుంటే బిగుసుకుపోతుంది. కదలాలి. కాకపోతే మోకాలి మీద బరువు పడకుండా కదలాలి. గొంతుకు కూర్చోవడం మానెయ్యాలి, మెట్లు తగ్గించాలి. సైకిల్ తొక్కితే మంచిది, కానీ గట్టిగా తొక్కకూడదు."

గట్టిగా తొక్కకుండా సైకిల్ ఎలా ముందుకు పోతుందో బొంగరానికి అర్థం కాలేదు. అయినా తలూపి వచ్చేసింది. డాక్టరు రాసిచ్చిన పది రోజుల సెలవులో ఇంట్లో అలమరలు మూడుసార్లు సర్దింది. మొగుడి దుకాణంలో వందల చిన్న చిన్న మరలను పొడవు ప్రకారం డబ్బాల్లో వేరుచేసి పెట్టింది. అవి అప్పటిదాకా ఆయనకు తెలిసిన వేరే వరసలో ఉండేవి. ఆయన మూడు రోజులు నోరు మూసుకుని వెతుక్కుని, నాలుగో రోజు, "నీ సెలవు ఎప్పుడైపోతుంది?" అని అడిగాడు.

సెలవు అయిపోయాక ఆఫీసులో కొత్త చిక్కు వచ్చిపడింది. సెక్షన్ ఆఫీసరు ఆమెకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, మంచివాడు. మంచివాళ్ళు చేసే అపకారాలు ఎలా ఉంటాయో అందరికీ తెలిసిందే. ఎదురుగా కూర్చోబెట్టి, "అమ్మా, మీ కష్టం చూశాను. పై నెల నుంచి మీకు రికార్డు గదిలో కుర్చీ ఇప్పిస్తున్నాను. నీడపట్టున పని" అన్నాడు.

రికార్డు గది ఆమెకు తెలుసు. కింది అంతస్తులో ఉంటుంది. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ చేతికి తగులుతుంది. ముప్ఫై ఏళ్ళ పాత పుస్తకాలు, ఒక బల్ల, ఒక కుర్చీ. అంతకుముందు అక్కడ కూర్చున్నాయన పదకొండేళ్ళు అదే కుర్చీలో ఉండి రిటైరయ్యాడు. ఆయన కట్టుకున్న మెత్త ఆయన ఆకారంలోనే గుంటపడి ఇంకా దానికి వేలాడుతోంది.

"నాకు కుర్చీ వద్దు సార్. నా ఇళ్ళు నాకుండనివ్వండి."

"పోయిన నెల మీవి రెండు వందల ఇళ్ళు మిగిలిపోయాయి కదమ్మా."

అప్పుడే బల్ల అవతల నుంచి ఒక నవ్వు వినిపించింది. ఆ నవ్వినాయనను ఆఫీసులో అందరూ సరాసరాయన అంటారు. ఆయనా మీటర్ రీడరే. ఇంటికి తాళం ఉంటేనో, మూత రాకపోతేనో గత మూడు నెలల సరాసరి వేసి, పక్కన 'స' అని గుర్తు పెట్టుకోవచ్చని ఆఫీసు నియమం ఒకటి ఉంది. ఆ నియమాన్ని ఆయన టీ కొట్టులో బెంచీ మీద కూర్చుని అమలు చేస్తుంటాడు. ఆయన పుస్తకం తెరిస్తే పేజీ పొడుగునా చీమల బారులా 'స'లే. "అక్కా, ఎందుకీ అవస్థ? నాలా రెండు 'స'లు పెట్టుకుంటే నీ మోకాళ్ళూ మిగులుతాయి, ఇళ్ళూ నీకే ఉంటాయి" అన్నాడు.

ఇరవై మూడేళ్ళలో ఆమె పుస్తకంలో ఒక్క 'స' లేదు. తాళం ఉన్న ఇంటికి మూడుసార్లైనా తిరిగి వెళ్ళేది గాని ఊహించి రాసేది కాదు. ఆ గర్వమే ఇప్పుడు నోటికి అడ్డుకట్ట లేకుండా బయటికి వచ్చింది. "ఈ నెల పన్నెండు వందలూ గడువులోగా పూర్తి చేస్తాను సార్. ఒక్క సరాసరి ఉన్నా నేనే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటాను. మీరు చెప్పక్కర్లేదు." ఆఫీసరు, సరే, ఈ ఒక్క నెల చూద్దామన్నాడు. బయటికి వచ్చేటప్పుడు నాలుగు మెట్లు దిగడానికి ఆమె గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఆ దిగడం ఎవరూ చూడలేదని మాత్రం వెనక్కి తిరిగి నిర్ధారించుకుంది.

డాక్టరమ్మ చెప్పిన సైకిల్ మాట ఆమెకు ఆ రోజే మళ్ళీ గుర్తొచ్చింది. బజారు చివర సైకిల్ షాపు నడిపే ఆవిడ దగ్గరికి వెళ్ళి, గట్టిగా తొక్కకుండా పోయే సైకిల్ ఏదైనా ఉందా అని అడిగింది. షాపావిడ ఏమాత్రం నవ్వకుండా ఎలక్ట్రిక్ సైకిల్ ఒకటి బయటికి తీసింది. "తొక్కాల్సింది మీరే. కానీ మీరు కాలు ఆడిస్తే మోటారు తోడొస్తుంది. ఒకటి నుంచి ఐదు దాకా ఎంత తోడు కావాలో మీరే చెప్పుకోవచ్చు. ఇదిగో, ఈ ఐదు గీతలూ బ్యాటరీ. రోజూ రాగానే ఛార్జింగ్ పెట్టెయ్యండి, గీతల గురించి ఆలోచించకండి."

బండి ఇంటికి రాగానే మొగుడు భూతద్దం తీసి చూశాడు, మళ్ళీ పెట్టుకుని చూశాడు. "ఈ వయసులో ఇదేంటి? పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు."

"నిలబడితేనే కదండీ నాకు నొప్పి!"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో పాతికేళ్ళు గడిపినవాడు కాబట్టి, ఆయన భూతద్దం బల్లమీద పెట్టి, సందు చివర ఖాళీ స్థలం దాకా వెంట వెళ్ళాడు. ఆమె పదమూడేళ్ళ వయసులో తొక్కడమే, మళ్ళీ తొక్కలేదు. ఆయన సీటు వెనక పట్టుకుని పరుగెత్తాలి. పరుగెత్తడమన్నది ఆయన ఒంటికి బొత్తిగా కొత్త. పది అడుగులకే ఆయాసంతో ఆగిపోయాడు. ఆయన వదిలేసిన సంగతి తెలియక ఆమె స్థలం చివరిదాకా పోయి, తిరిగి చూసి, ఒక్కతే ఉన్నానని తెలిసి భయపడి ముళ్ళపొదలో పడింది. పడ్డది ఎడమ పక్కకు, కుడి మోకాలికి ఏమీ కాలేదు. లేస్తూ నవ్వింది. ఆ నవ్వు విని చాలా నెలలైందని ఆయనకు అప్పుడు తట్టింది.

మొదటి నాలుగు రోజులూ మోకాళ్ళు ఇంకా ఎక్కువ నొప్పి పెట్టాయి. బొంగరం ఎవరికీ చెప్పలేదు. చెబితే బండి షాపుకు తిరిగి వెళ్ళిపోతుందేమోనని భయం. ఐదో రోజు టైరులో గాలి కోసం షాపు ముందు ఆగితే, షాపావిడ ఆమె దిగడం చూసి, "సీటు ఇంత కిందికి ఎవరు దించారు?" అని అడిగింది.

"నేనే. కాళ్ళు నేలకు ఆనకపోతే పడతానేమోనని."

"అందుకే నొప్పి. మోకాలు ఇంతగా మడిచి తొక్కితే మంచి కాళ్ళు కూడా పోతాయి. పెడల్ కిందికి వెళ్ళినప్పుడు కాలు దాదాపు సాగాలి." అంటూనే ఆవిడ పానా తీసి సీటును నాలుగు వేళ్ళెత్తు పైకి లేపింది. ఇప్పుడు ఆగాలంటే బొంగరం కాలి మునివేళ్ళ మీద నిలబడాలి, లేదంటే ముందే దిగాలి. మొదటి మలుపులో బ్రేకు గట్టిగా పట్టుకుంది. మూడో మలుపు దాటేసరికి కాలు పైకీ కిందికీ తిరుగుతున్నా నొప్పి రావడంలేదని గమనించింది. నమ్మకం కలగక మరో వీధి తిరిగింది. తరవాత ఇంకో వీధి. ఆ రోజు డెబ్భై ఇళ్ళు చూడాల్సింది తొంభై రెండు చూసింది.

గుంటల ముందు గొంతుకు కూర్చునే బాధ మొగుడు తప్పించాడు. ఎవరూ అడగకుండానే పొడుగాటి కర్ర చివర ఒక కొక్కెం, దాని పక్కన చిన్న అద్దం, అద్దం పక్కన వేలెడంత టార్చీ బిగించి ఇచ్చాడు. నిలబడే మూత ఎత్తవచ్చు, నిలబడే అద్దంలో అంకె చూసుకోవచ్చు. అద్దంలో అంకెలు తిరగబడి కనిపించేవి. రెండు రోజుల్లో తిరగబడ్డ అంకెలు చదవడం ఆమెకు ఎంత అలవాటైపోయిందంటే మామూలు అంకెలు చూసినప్పుడు కాస్త తడబడేది. "మీ ఆయన గడియారాలు మానేసి మీటర్లలోకి దిగాడా?" అని సరాసరాయన వేళాకోళం చేస్తే, ఆమె నిలబడకుండానే బెల్లు కొట్టి వెళ్ళిపోయింది.

ఆ మూడు వారాలూ ఆమె ముఖం చూడాలి! పొద్దున ఆరింటికే బండి బయటపడేది. పొడుగు వీధులు, వర్క్‌షాపుల సందులు, కాలవ ఒడ్డు క్వార్టర్లు అన్నీ వరసగా అయిపోతున్నాయి. అయినా లోపల కుదురు మాత్రం లేదు. రాత్రి పడుకునే ముందు మిగిలిన ఇళ్ళు లెక్కపెట్టేది, పొద్దున లేవగానే మళ్ళీ అవే లెక్కపెట్టేది. కొండ మీది నలభై ఒక్క ఇళ్ళూ చివరికి పెట్టుకుంది. ముందే చేసి ఉండవచ్చు. నిట్టనిలువు దారి తలుచుకుంటే భయం వేసి, రేపు, ఎల్లుండి అంటూ గడువు చివరి రోజుదాకా తోసుకుంటూ వచ్చింది.

ఆమె చేసిన అసలు తప్పు మాత్రం వేరే ఉంది. ఆ తప్పు ఒక మీటర్ రీడర్ తప్ప ఇంకెవరూ చెయ్యరు. షాపావిడ రోజూ ఛార్జింగ్ పెట్టమంది కదా, వారం రోజులు అలాగే చేసింది. తరవాత తెలివి ఎక్కువైంది. చిన్న పుస్తకం చివరి పేజీలో ఏ రోజు ఎన్ని గీతలు ఖర్చయ్యాయో రాసుకోవడం మొదలుపెట్టింది. మూడు రోజుల సరాసరి తీస్తే రోజుకు ఒకటింబావు గీత. అంటే మూడు రోజులకోసారి పెడితే చాలు, ముందుగది ప్లగ్గు మొగుడి దీపానికి ఖాళీగా ఉంటుంది. జీవితంలో ఏ ఇంటికీ వెయ్యని సరాసరి తన సొంత బండికి వేసింది. లెక్క బాగానే కుదిరింది, చదును వీధుల్లో తిరిగినన్నాళ్ళు. చివరి రోజు పొద్దున రెండు గీతలు మిగిలి ఉన్నాయి. ఒకటింబావు సరిపోతుంది, ఇంకా ముప్పావు మిగులుతుంది అనుకుని కొండకు బయలుదేరింది.

కొండదారి మలుపు మలుపుకూ ఆమె మోటారు తోడు పెంచుకుంటూ పోయింది. రెండు, మూడు, చివరికి ఐదు. పన్నెండో ఇంటి దగ్గర ఒక గీత పోయింది. ముప్ఫై ఆరో ఇంటి దగ్గర రెండో గీత రెండుసార్లు మినుకుమని ఆరిపోయింది. తోడు పోగానే బండి ఒక్కసారిగా బరువెక్కి వెనక్కి జారబోయింది. ఎలాగో దిగింది. గడియారం చూస్తే నాలుగు కావస్తోంది. ఐదున్నరకు పుస్తకం ఆఫీసరు బల్లమీద ఉండాలి. ఇంకా ఐదు ఇళ్ళున్నాయి.

బండిని గోడకు ఆనించి కర్ర చేతికర్రలా పట్టుకుని నడిచింది. మోకాలు ఒక్కో అడుగుకూ ఒక్కో మాట అంటోంది. ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది, నలభై అయ్యాయి. నలభై ఒకటో ఇల్లు కొండ కొసన ఉంది. దారి నుంచి దానికి రాతిలో చెక్కిన ముప్ఫై ఎనిమిది మెట్లు. ఆరు మెట్లెక్కింది. ఏడో మెట్టు మీద కుడి మోకాలు బిగుసుకుపోయింది, ముందుకూ రాదు వెనక్కూ పోదు. రెండు చేతులతో కాలు ఎత్తి పెట్టబోతే కళ్ళు తిరిగాయి. అలాగే కూలబడింది.

ఆ ఇంటి లెక్క ఆమెకు కంఠతా వచ్చు. ఒంటరి మనిషి, కుట్టుపని చేసుకునే ఆవిడ. గత మూడు నెలల వాడకం పది, పన్నెండు, పదకొండు యూనిట్లు. పోయిన నెల అంకె 4386. బొంగరం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. కలం తీసింది. 4397 అని రాసింది. పక్కన 'స' పెట్టాలి. పెడితే కుర్చీ. కలం ఆ గడి మీద ఆగి, గడి ఖాళీగానే ఉండగా మూతపడింది. కాలు కాస్త సడలాక కర్ర ఆసరాతో బండి దగ్గరికి చేరింది. తిరిగి దిగేటప్పుడు బండికి మోటారు అక్కర్లేదు, పల్లమే కాబట్టి దానంతటదే పరుగెత్తింది. పల్లంలో గాలి ముఖానికి కొట్టడం ఆమెకు చాలా ఇష్టం. ఆ రోజు దారి పొడుగునా బ్రేకు పట్టుకునే ఉంది.

ఆఫీసరు పుస్తకం చివరిదాకా తిప్పి చూసి, "ఒక్క 'స' కూడా లేదు!" అన్నాడు. నిజంగానే సంతోషించాడు. "మీ ఇళ్ళు మీవేనమ్మా" అని సంతకం పెట్టాడు. సరాసరాయన లేచి చప్పట్లు కొట్టాడు. ఆమె అందరికీ నవ్వుముఖం పెట్టి ఇంటికి వచ్చి, ముందుగదిలో గిరాకీల కోసం వేసిన స్టూలు మీద కూర్చుంది. పావుగంటైనా లేవలేదు. మొగుడు భూతద్దం తీసేశాడు.

"ఏమైంది? ఒంట్లో బాగాలేదా?"

"ఏం లేదు. కూర్చున్నాను."

"అదే అడుగుతున్నా. నువ్వు కూర్చోవడమేంటి?"

ఆమె లేచింది. బ్యాటరీ ఛార్జింగులో పెట్టి, ప్లగ్గు సరిగా ఉందో లేదో మూడుసార్లు వచ్చి చూసుకుంది. మింగలేక కక్కలేక ఆ రాత్రి గడిచింది. తెల్లవారగానే ఐదు గీతలతో మళ్ళీ కొండెక్కింది. మెట్ల దగ్గర బండి దిగి, చిన్నపిల్లల్లా మెట్టు మీద కూర్చుని, చేతులు వెనక ఆనించి, ఒక్కో మెట్టే వెనక్కి జరుగుతూ పైకి పోయింది. ముప్ఫై ఎనిమిది మెట్లకూ ఇరవై నిమిషాలు పట్టింది. అరచేతులు గీసుకుపోయాయి. పైకి చేరి, కొక్కెంతో మూత ఎత్తి, అద్దంలో చూసింది. తిరగబడి కనిపిస్తోంది కదా అని అనుమానం వచ్చి, వంగి నేరుగా కూడా చూసింది.

4397.

ఒక్క అంకె తేడా లేదు. ఆమెకు సంతోషం కలగాల్సింది, ఒళ్ళు మండింది. తేడా వచ్చి ఉంటే తప్పు చేశానని దిద్దుకుని పోయేది. ఇప్పుడు దిద్దడానికేమీ లేదు. మరి ఇరవై మూడేళ్ళుగా ఎండనకా వాననకా ఇంటింటికీ తిరిగి, మోకాళ్ళ గుజ్జు రోడ్ల మీద పారబోసుకుని సాధించిందేమిటి? సరాసరాయన టీ కొట్టులో కూర్చుని రాయగలిగేదే ఆమె కొండెక్కి రాసింది. కర్ర అక్కడే విసిరికొట్టాలనిపించింది.

తలుపు తెరుచుకుంది. ఇంటావిడ మెడలో కొలత టేపుతో బయటికి వచ్చింది. "మీరా! నిన్న కూడా వచ్చారుగా. కుట్టుమిషన్ దగ్గర నుంచి మిమ్మల్ని చూశాను. కాలు నొప్పనుకుంటా, సగంలో ఆగిపోయారు. చెయ్యందిద్దామని చెప్పులు తొడుక్కునేలోపల ఏదో రాసుకుని వెళ్ళిపోయారు."

ఆ మాటలో నిష్ఠూరం ఏమాత్రం లేదు. ఉంటే కాస్త బాగుండేది. బొంగరం చెవులు వేడెక్కాయి. "నిన్న రాసింది సరిగ్గా ఉందో లేదో చూద్దామని వచ్చానండి."

"ఉందా?"

"ఉంది."

"ఇంకేం మరి! దానికోసం ఇంత దూరం మళ్ళీ రావాలా?" అంటూ ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

అక్కడినుంచి బొంగరం నేరుగా ఆఫీసుకు వెళ్ళి, నిన్నటి పుస్తకం అడిగి తీసుకుని, నలభై ఒకటో ఇంటి పక్క ఖాళీ గడిలో 'స' అని పెద్దగా రాసి ఆఫీసరు ముందు పెట్టింది. జరిగింది చెప్పింది. ఆయన తలపట్టుకున్నాడు. "అంకె సరిపోయిందని మీరే అంటున్నారు కదమ్మా. మరి బాధేంటి?"

"అంకె అక్కడే ఉంది సార్. నేనే అక్కడ లేను."

"నేను ఇరవై ఏళ్ళుగా లేనక్కా! నన్నెవరూ అడగలేదే" అన్నాడు సరాసరాయన. ఎవరూ నవ్వకపోయేసరికి తన పుస్తకం తీసి అనవసరంగా పేజీలు తిప్పుకున్నాడు. ఆఫీసరు, చూడనట్టు వదిలేస్తాననీ, ఇంకో నెల గడువిస్తాననీ చెప్పిచూశాడు. ఆమె అప్పటికే మెట్ల వైపు తిరిగింది. మాట ఇచ్చింది తనే, తప్పిందీ తనే. గోడ పట్టుకుని కింది అంతస్తుకు దిగి, రికార్డు గది తలుపు తోసి, ఆ గుంటపడ్డ మెత్త విప్పి మూల పడేసి, గట్టి చెక్క మీద కూర్చుంది. కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఆ గదిలో ఎవరూ లేరు కాబట్టి కానిచ్చింది.

ఒక నెల గడిచింది. బల్ల కింద ఆమె కాలు రోజంతా ఊగుతూనే ఉండేది. మధ్యాహ్నానికి మోకాళ్ళు బిగుసుకుపోయి, లేవాలంటే బల్ల పట్టుకోవాల్సి వచ్చేది. పాత పుస్తకాలు సర్దడం పదిహేను రోజుల్లో అయిపోయింది. ఇంట్లో ముందుగదిలో సైకిల్ గోడకు ఆనించి ఉండేది, దాని మీద గుడ్డ కప్పి ఉండేది. ఆఫీసుకు నడిచేంత దూరమే. ఇక దానితో పనేముంది? అమ్మేద్దామని రెండుసార్లు అంది. మొగుడు రెండుసార్లూ వినిపించుకోలేదు.

ఒక ఆదివారం పొద్దున ఆయన కుర్చీలోంచి లేచి, గుడ్డ లాగేసి, బండిని వాకిట్లోకి దించాడు. "ఛార్జింగ్ నిండింది, రాత్రి నేనే పెట్టాను. తీసుకెళ్ళు."

"ఎక్కడికి?"

"నాకేం తెలుసు? ఎక్కడికో అక్కడికి. నువ్వు ఇంట్లో ఉంటే నా గడియారాలన్నీ ఆలస్యంగా తిరుగుతున్నాయి."

ఎక్కడికో తెలియకుండా ఇల్లు వదలడం ఆమె ఎరగదు. ఏ రోజు గడప దాటినా చేతిలో పుస్తకమో, సంచీయో ఉండేవి. బండి ఎక్కి సందు చివరిదాకా వచ్చి ఆగింది. కాలు పెడల్ మీద పెట్టగానే మోటారు తోడొచ్చింది, ఇక ఆగలేదు. పొడుగు వీధులన్నీ పోయింది. ఇనప మూతలు కనిపించినప్పుడల్లా చెయ్యి దానంతటదే కొక్కెం కోసం వెనక్కి వెళ్ళి, ఉత్తచేతితో తిరిగొచ్చేది. కాలవ ఒడ్డున రెండుసార్లు తిరిగింది. అక్కడినుంచి ఇంటికి పోవాలి. పోలేదు. కొండదారి పట్టింది.

ముప్ఫై ఎనిమిది మెట్లూ మళ్ళీ వెనక్కి తిరిగి కూర్చుని జరుగుతూ ఎక్కింది. సగంలో రెండుసార్లు ఆగింది. వెనక్కి వెళ్ళిపోదామనుకుంది, ఎందుకొస్తున్నానని తనను తాను తిట్టుకుంది. పై మెట్టు చేరేసరికి ఇంటావిడ తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఈసారి చెప్పులు తొడుక్కునే ఉంది.

"మొన్ననే ఎవరో కొత్తాయన వచ్చి మీటరు చూసుకుపోయాడండీ."

"తెలుసండి."

"మరి ఏమైనా తేడా వచ్చిందా?"

"లేదు."

"ఇంకేదైనా రాసుకోవాలా?"

బొంగరం తన రెండు చేతులూ చూసుకుంది. పుస్తకం లేదు, కలం లేదు, కర్ర లేదు. యాభై రెండేళ్ళలో ఎవరింటి ముందూ ఆమె ఆ మాట అన్నది లేదు, ఇప్పుడూ అది సులువుగా నోటికి రాలేదు.

"ఊరికే వచ్చానండి" అంది.